సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ: "5 నక్షత్రాల బండి" అన్న మాటను ఎలా సరిచూసుకోవాలి?

గుంటూరు_గోరింట

మేము గుంటూరులో ఉంటాం. మావారు ఉద్యోగరీత్యా ప్రతి వారం హైదరాబాదు వెళ్లి వస్తారు. నెలకు రెండుసార్లు పిల్లలిద్దరినీ తీసుకుని ఒంగోలులో మా అమ్మగారింటికి వెళ్తాం. కొత్త బండి కొనే స్తోమత ఇప్పుడు లేదు కాబట్టి ఐదున్నర లక్షల లోపు సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కోసం చూస్తున్నాం.

విజయవాడలో ఒక ఏజెంటు రెండు బండ్లు చూపించాడు. ఒకటి 2018 నెక్సాన్ పెట్రోలు, 58,000 కిలోమీటర్లు తిరిగింది, ఇప్పటి యజమాని 2021 ఆగస్టులో కొన్నారట. రెండోది 2018 క్రెటా. "నెక్సాన్‌కు 5 నక్షత్రాలు, క్రెటాకు 3 నక్షత్రాలు, ఇంక ఆలోచించేదేముంది మేడమ్" అంటున్నాడు. భారత్ ఎన్‌క్యాప్ (కార్లను గుద్ది చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే మన ప్రభుత్వ పథకం) జాబితాలో వెతికితే 2018 బండ్ల ఊసే లేదు.

ఆయన చెప్పిన నక్షత్రాలు ఎక్కడివి, నేను చూసిన ఈ బండికి అవి వర్తిస్తాయా? ఆ మోడల్ కొన్నవాళ్లు ఏమేం ఫిర్యాదులు చేస్తున్నారో ఎలా తెలుస్తుంది? ఈ బండికి ఇంతకుముందు ప్రమాదం జరిగిందో లేదో ఏజెంటు నోటిమాట మీద కాకుండా తెలుసుకునే దారి ఉందా? వెనక సీట్లో కూర్చునేది నా పిల్లలు, అందుకే ఇంత వివరంగా అడుగుతున్నాను.

నక్షత్ర_లెక్క

భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది కాబట్టి 2018 బండ్లు అందులో కనిపించవు. ఏజెంటు చెప్పేవి గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన నక్షత్రాలు. ఆ సంస్థ 2014 నుంచి మన దేశంలో అమ్ముడయ్యే కార్లను పరీక్షిస్తోంది.

అయితే ఆయన చెప్పిన రెండు అంకెల్లోనూ ఒక్కో చిక్కు ఉంది. నెక్సాన్‌ను 2018 ఆగస్టులో పరీక్షించినప్పుడు పెద్దల రక్షణకు వచ్చినవి 4 నక్షత్రాలే. కంపెనీ కొన్ని మార్పులు చేసి మళ్లీ పరీక్షకు పంపితే అదే ఏడాది డిసెంబరులో 5 వచ్చాయి. మన దేశంలో తయారై ఇక్కడే అమ్ముడయ్యే కారుకు గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో 5 నక్షత్రాలు రావడం అదే మొదటిసారి కాబట్టి అందరికీ ఆ అంకె గుర్తుండిపోయింది, ముందు వచ్చిన 4 మరుగున పడింది. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త రూపానికి 2024లో వేరేగా 5 నక్షత్రాలు ఇచ్చారు. ఒకే పేరు మీద మూడు ఫలితాలు ఉన్నాయన్నమాట. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, ముందు అది చూసి చెప్పండి.

ఇక క్రెటాకు 3 నక్షత్రాలు వచ్చింది 2022లో. ఆ పరీక్ష 2020 మార్చిలో వచ్చిన రెండో తరం బండికి జరిగింది. మీకు చూపించిన 2018 బండి అంతకు ముందు తరానిది, కాబట్టి ఆ 3 దానికి అంటగట్టకూడదు, మంచికైనా చెడుకైనా.

గుంటూరు_గోరింట

ఆర్సీ ఫోటో ఉంది, ఇప్పుడే తెరిచి చూశాను. తయారీ 10/2018 అని ఉంది. అంటే మీ లెక్క ప్రకారం ఇది డిసెంబరుకు ముందుది. ఏజెంటు అబద్ధం చెప్పాడని అనలేను, ఆయనకూ తెలియకపోవచ్చు.

నక్షత్ర_లెక్క

అవునండి, దాన్ని 4 నక్షత్రాల బండిగానే లెక్క వేసుకోండి. అదేమీ తక్కువ కాదు. పిల్లల గురించి అడిగారు కాబట్టి ఇంకో మాట: పిల్లల రక్షణకు వేరుగా నక్షత్రాలు ఇస్తారు, అమ్మేవాళ్లు ఎప్పుడూ పెద్దల అంకెనే చెప్తారు. ఆ రెండు పరీక్షల్లోనూ నెక్సాన్‌కు పిల్లల రక్షణకు 3 నక్షత్రాలే వచ్చాయి.

పాత_ఇనుము

ఈ నక్షత్రాల మీద నాకు నమ్మకం లేదు. నా దగ్గర 2011 నాటి పెద్ద డీజిల్ బండి ఉంది. నకిరేకల్ దగ్గర రాత్రిపూట గేదె అడ్డం వస్తే గుద్దాను. గేదె పోయింది, పాపం, బండికి మాత్రం బంపరు సొట్ట పడింది అంతే. ఇప్పటి బండ్లు చిన్న తాకిడికే ముందు భాగమంతా నుజ్జవుతాయి. రేకు మందంగా ఉండి, బరువుగా ఉన్న బండి తీసుకోండి. ప్రయోగశాలలో గోడకు కొట్టి ఇచ్చే మార్కులకూ మన రోడ్లకూ సంబంధం లేదు.

విశ్రాంత_సర్వేయర్

నేను 26 ఏళ్లు ఇన్సూరెన్సు సర్వేయరుగా పనిచేసి, ప్రమాదం జరిగిన బండ్ల పక్కన నిలబడి నివేదికలు రాసినవాణ్ని. పాత_ఇనుము గారి అనుభవాన్ని కాదనను గానీ, ఆయన తీసిన అర్థంతో ఏకీభవించలేను.

ముందు భాగం నుజ్జవడం లోపం కాదు, అది దాని పని. తాకిడి శక్తిని అది మింగితేనే మనుషులు కూర్చునే భాగం నిలుస్తుంది. గేదె వంటి మెత్తని, కదిలే వస్తువును గుద్దడం వేరు, ఆగి ఉన్న లారీని గుద్దడం వేరు. గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో గంటకు 64 కిలోమీటర్ల వేగంతో బండి ముందు భాగంలో ఒక పక్కను, సుమారు 40 శాతం వెడల్పును, అడ్డుకు కొడతారు. ఎదురుగా వచ్చే బండి సగం తప్పుకుని సగం తగిలినప్పుడు మన రెండు వరుసల రోడ్ల మీద జరిగేది అదే. 2016లో అప్పటి స్కార్పియోను ఎయిర్‌బ్యాగులు లేని రకంలో పరీక్షిస్తే పెద్దల రక్షణకు సున్నా వచ్చింది. బరువుకూ రేకు మందానికీ అందులో లోటు లేదు. అదే పేరుతో 2022లో వచ్చిన స్కార్పియో-ఎన్ 5 తెచ్చుకుంది. కాబట్టి బరువును చూసి భద్రత అనుకోవద్దని నా మనవి.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. 2017లో డస్టర్‌ను ఎయిర్‌బ్యాగు లేకుండా పరీక్షిస్తే సున్నా, డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఉన్నదాన్ని పరీక్షిస్తే 3 వచ్చాయి. బండి ఒకటే, రకం వేరు. మన దేశంలో డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019 జులై 1 నుంచే, ముందు సీటు ప్రయాణికుడికి పాత మోడళ్లలోనూ తప్పనిసరి అయింది 2021 ముగిశాకే. అంతకు ముందు తయారైన బండి కొంటే అందులో నిజంగా ఎన్ని ఎయిర్‌బ్యాగులు ఉన్నాయో మీరే చూసుకోవాలి.

గోరింట గారూ, మీ మూడో ప్రశ్నకు జవాబు ఆ బండి కాగితాల్లోనే సగం ఉంటుంది. ఇప్పుడు నడుస్తున్న ఇన్సూరెన్సు పాలసీ చూపించమని అడిగి, అందులో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ తీసుకోని ఏడాదులకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఎంత శాతం ఉందో ఇక్కడ రాయండి.

ఇంటి_మెకానిక్

సర్వేయర్ గారు చెప్పిన ఎయిర్‌బ్యాగుల విషయంలో ఒక చిన్న పరీక్ష అక్కడే చేయవచ్చు. ఇంజను స్టార్టు చేయకుండా తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి. ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి, కొన్ని సెకన్లు ఉండి, ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎందుకంటే ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగు స్థానంలో కొత్తది వేయకుండా, దాని వైర్లకు చిన్న రెసిస్టరు పెట్టి మూత అతికించేవాళ్లూ, లైటునే తీసేసేవాళ్లూ ఉన్నారు. రెసిస్టరు పెడితే లైటు మామూలుగానే వెలిగి ఆరుతుంది. అందుకే ఎయిర్‌బ్యాగు కోడ్లు చదవగలిగే స్కానరు ఉన్న చోటికి తీసుకెళ్లి చూపించి, స్టీరింగు మధ్య మూత, ఎడమవైపు డ్యాష్‌బోర్డు మూత అంచులు సమానంగా ఉన్నాయా, రంగులో తేడా ఉందా అని చేత్తో తడిమి చూడాలి. ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. స్టీరింగు మూత తీస్తే లోపల ఖాళీ గూడు కనబడిన రోజులు నాకు ఉన్నాయి.

గుంటూరు_గోరింట

పాలసీ కాపీ పంపించారు. 2025 ఆగస్టులో రెన్యూవల్ చేసిన పాలసీ అది. నో క్లెయిమ్ బోనస్ అన్న చోట సున్నా అని ఉంది. మధ్యలో ఎప్పుడూ ఆపలేదని, ప్రతి ఏడాదీ సమయానికే కట్టామని యజమాని ఫోనులో చెప్పారు.

విశ్రాంత_సర్వేయర్

అయితే జాగ్రత్తగా చదవండి. ఆ బోనస్ బండిది కాదు, మనిషిది. 2021 ఆగస్టులో ఆయన కొన్నప్పుడు సున్నాతో మొదలై, క్లెయిమ్ లేకపోతే 2022లో 20, 2023లో 25, 2024లో 35, 2025లో 45 శాతం కావాలి. 90 రోజులు దాటి పాలసీ ఆగిపోతే కూడా పోతుంది గానీ, ఆగలేదని ఆయనే అంటున్నారు. ఇక మిగిలింది ఒక్కటే: 2024 ఆగస్టుకూ 2025 ఆగస్టుకూ మధ్య ఆ బండి మీద క్లెయిమ్ తీసుకున్నారు. ఏ పనికి, ఎంత మొత్తానికి అన్నది ఇన్సూరెన్సు కంపెనీ నుంచి యజమాని అడిగి తీసుకోగలరు. అది చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

సింగ్‌నగర్_వాసి

బండి ఎక్కడిది అన్నారు? విజయవాడదా? 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు వరద వచ్చింది కదండీ.

సింగ్‌నగర్_వాసి

పైన తొందరలో ఒక్క ముక్కే రాశాను. మా వీధిలో నీళ్లు ఆరు రోజులు నిలిచాయి. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్ల ముందున్న కార్లలో అద్దాల దాకా మునిగినవి ఉన్నాయి. నా బండి కూడా మునిగింది, నేను దాన్ని మునిగిన బండి అని చెప్పే అమ్మాను, కొన్నవారికి అది తెలిసే కొన్నారు. అందరూ అలా చెప్పి ఉంటారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

ఇంటి_మెకానిక్

నీళ్లలో మునిగిన బండిని ఎంత కడిగినా సీటు బెల్టు చుట్ట లోపల కడగరు. నాలుగు బెల్టుల్నీ ఇక రాదు అనేదాకా నెమ్మదిగా బయటికి లాగండి. చివరి అడుగున్నర భాగం ఎప్పుడూ లోపలే చుట్టుకుని ఉంటుంది కాబట్టి అక్కడ బురద చార అలాగే ఉండిపోతుంది. తరువాత ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, టార్చి వేసి పట్టాల బోల్టుల తలలు చూడండి. స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టండి. కార్పెట్ మూల ఎత్తి వాసన చూడండి. సెంటు కొట్టిన బండి అయితే అనుమానం ఇంకా పెంచుకోండి.

లెక్కల_మాస్టారు

ఓనర్ల ఫిర్యాదుల గురించి ఎవరూ చెప్పలేదు. నా అభిప్రాయంలో అవి చదవడం వల్ల భయం తప్ప లాభం లేదు. బాగున్నవాడు రాయడు, బాధపడినవాడే రాస్తాడు. లక్ష బండ్లు అమ్ముడైన మోడల్‌కు రెండు వందల ఫిర్యాదులు కనిపిస్తే అది చెడ్డ బండి అనుకుంటాం. వెయ్యి అమ్ముడైనదానికి పది కనిపిస్తే మంచిది అనుకుంటాం. నిజానికి రెండోదే అధ్వాన్నం.

నిదానమే_దారి

మాస్టారూ, లెక్క మీరు చెప్పిందే సరైనది. కానీ ఫిర్యాదులను లెక్కపెట్టడానికి చదవకూడదు, పోలికల కోసం చదవాలి. నేను 2022లో ఒక ఎస్‌యూవీ కొనేముందు (పేరు చెప్పను, ఆ బండి నన్ను ఏమీ ఇబ్బంది పెట్టలేదు) రెండు వారాలు రాత్రిపూట కూర్చుని అదే మోడల్ వాళ్లు రాసినవన్నీ చదివాను. ఏసీ చల్లగా లేదు, స్పీకరు బాగోలేదు అన్నవి పక్కన పెట్టాను. బ్రేకు, స్టీరింగు, నడుస్తుండగా ఇంజను ఆగిపోవడం, పొగ, ఎయిర్‌బ్యాగు లైటు, ఈ ఐదింటి మీద వచ్చినవి మాత్రమే ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాను. ప్రతి దాని పక్కనా తయారీ సంవత్సరం, అప్పటికి తిరిగిన కిలోమీటర్లు వేశాను.

పుస్తకం నిండేసరికి ఒక విషయం కళ్లకు కట్టింది. ఒకరికొకరు తెలియని, వేర్వేరు ఊళ్లలో ఉన్న పదకొండు మంది ఒకే రెండేళ్లలో తయారైన బండ్లకు, 30,000 నుంచి 45,000 కిలోమీటర్ల మధ్యలో, స్టీరింగు ఒక్కసారిగా బరువెక్కిందని రాశారు. నేను చూస్తున్న బండి ఆ రెండేళ్లలోదే, 51,000 తిరిగింది. యజమానిని సూటిగా అడిగితే 38,000 దగ్గర స్టీరింగు మోటారు వారంటీలో మార్చారని చెప్పి బిల్లు తీసి చూపించారు. ఆ బిల్లు చూశాకే కొన్నాను. ఏం అడగాలో నాకు తెలిసింది ఆ ఫిర్యాదుల వల్లనే.

లెక్కల_మాస్టారు

ఇలా చదవవచ్చని నాకు తోచలేదు. పదకొండు మందికీ ఒకే వ్యవధిలో జరిగిందంటే అది యాదృచ్ఛికం కాదు, ఒప్పుకుంటున్నాను.

డల్లాస్_దారి

మేముండే అమెరికాలో ఇదంతా ఒకే చోట దొరుకుతుంది. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ఫెడరల్ సంస్థ వెబ్‌సైటులో మోడల్, సంవత్సరం ఇస్తే ఓనర్లు పంపిన ఫిర్యాదులు వారి మాటల్లోనే, ఏ భాగానికి సంబంధించినవో విడదీసి కనిపిస్తాయి. 17 అక్షరాల విన్ నంబరు (మన ఛాసిస్ నంబరు వంటిది) ఇస్తే ఆ ఒక్క బండికి ఇంకా మరమ్మతు జరగని రీకాల్‌లు (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం) చూపిస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు. గత ఏడాది ఒక వాడిన ఎస్‌యూవీ చూడటానికి వెళ్లి, డీలరు ఆవరణలోనే నిలబడి ఫోనులో నంబరు కొట్టాను. రీకాల్ ఒకటి తెరిచే ఉంది. మంటలు అంటుకునే ప్రమాదం ఉంది, మరమ్మతు అయ్యేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట నిలపండి అని రాసి ఉంది. డీలరు దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. ఇక్కడ 2016 నుంచి అద్దె కార్ల పెద్ద సంస్థలు రీకాల్ పూర్తికాని కారును అద్దెకివ్వకూడదు. కానీ వాడిన కారు అమ్మే డీలరుకు ఫెడరల్ చట్టంలో అలాంటి నిషేధం లేదు. ఇక్కడ కొనే మన విద్యార్థులు చాలామందికి ఈ సంగతి తెలియదు.

కార్‌ఫ్యాక్స్ (బండి పాత చరిత్ర చెప్పే సంస్థ) నివేదిక శుభ్రంగా ఉంది కాబట్టి రీకాల్ కూడా చూడక్కర్లేదు అనుకోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు.

గుంటూరు_గోరింట

మన దగ్గర అలాంటి ఏర్పాటు ఉందా?

నక్షత్ర_లెక్క

ఫిర్యాదుల విషయంలో అంత సౌకర్యంగా లేదు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 110ఏ అనే సెక్షన్ చేర్చి, 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమల్లో పెట్టారు. దాని ప్రకారం తగినంత మంది యజమానులు లోపం గురించి ఫిర్యాదు చేస్తే ప్రభుత్వం కంపెనీని రీకాల్ చేయమని ఆదేశించవచ్చు. ఏడేళ్ల లోపు బండ్లకే అది వర్తిస్తుంది. రీకాల్ మాత్రం చూసుకోవచ్చు: చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఛాసిస్ నంబరు కొడితే తెలుస్తుంది, లేకపోతే అధీకృత సర్వీసు సెంటరులో నంబరు ఇచ్చి అడగాలి. ఎం-పరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు గడువు, బాకీ ఉన్న లోను వంటివి కనిపిస్తాయి గానీ, ప్రమాదాల చరిత్ర కనిపించదు.

కాకినాడ_గాలి

రీకాల్ ఉత్తరం మొదటి యజమాని చిరునామాకు వెళ్తుందని గుర్తుంచుకోండి. నాకు స్వయంగా జరిగింది. నేను మూడో యజమానిని. ఆరేళ్ల పాత బండి కొన్న ఏడాదికి, వేరే పనిమీద సర్వీసుకు ఇస్తే అక్కడి అమ్మాయి కంప్యూటరులో ఛాసిస్ నంబరు కొట్టి, "సార్, మీ డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఇన్‌ఫ్లేటరు మార్చాలి, మూడేళ్లుగా పెండింగులో ఉంది" అంది. తకాటా అనే కంపెనీ రకం. అందులో గాలిసంచిని నింపే మందు అమ్మోనియం నైట్రేటు. ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురైతే అది చెడిపోయి, ప్రమాదం జరిగినప్పుడు మామూలుకన్నా ఉధృతంగా పేలి, లోహపు డబ్బా ముక్కలై మనిషి మీదికి వస్తుంది. మా ఊరి గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. ఆ ఏడాదంతా నేను దాని ముందే కూర్చుని నడిపాను. గంటన్నరలో ఉచితంగా మార్చి ఇచ్చారు. అందుకే ఎవరు సెకండ్ హ్యాండ్ బండి కొన్నా నేను మొదట అడిగేది ఇదే.

పాత_ఇనుము

ఇది మాత్రం నాకు తెలియని సంగతి. నా బండికి ఎయిర్‌బ్యాగులు లేవు, ముందు పెద్ద బుల్‌బార్ (బంపరు ముందు బిగించే ఇనుప గార్డు) ఉంది, అదే నా ధైర్యం.

విశ్రాంత_సర్వేయర్

బుల్‌బార్లను కేంద్రం 2017 డిసెంబరులోనే నిషేధించిందండి. ఎయిర్‌బ్యాగులున్న బండికి అది ఉంటే తాకిడి సెన్సారుకు చేరే తీరు మారిపోతుంది, బ్యాగు తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకోకపోవచ్చు. పాదచారికి ఎముకలు విరుగుతాయి. దయచేసి తీయించండి. గోరింట గారూ, మీరు చూసే బండికి అది బిగించిన బోల్టు గుర్తులు ఛాసిస్ కొనలమీద ఉన్నాయేమో కూడా చూడండి. సీట్ల పక్కన ఎయిర్‌బ్యాగు ఉన్న బండ్లకు మందపాటి సీటు కవర్లు కుట్టించినా ఇదే సమస్య.

గుంటూరు_గోరింట

ఈ రోజు పొద్దున్నే విజయవాడ వెళ్లి వచ్చాం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

బండి మెరిసిపోతోంది. ఎయిర్‌బ్యాగు గుర్తు వెలిగి ఆరింది. ముందు బెల్టులు రెండూ లాగాను, కొత్తవాటిలా శుభ్రంగా ఉన్నాయి. కొత్తవాటిలా ఉండటమే నాకు నచ్చలేదు, ఎందుకంటే డ్రైవరు సీటు తోలు అరిగిపోయి ఉంది. వెనక కుడివైపు బెల్టు లాగుతూ పోతే చివర్లో కాస్త బిగుసుకుంది. ఇంకొంచెం లాగితే బూడిదరంగు మీద గోధుమరంగు చార, వేలు పెడితే పొడి రాలింది. మా చిన్నది కూర్చునేది అటువైపే. సీటు పట్టాల బోల్టులు మావారు టార్చి వేసి చూశారు, తలలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి.

యజమానిని నేను మర్యాదగానే అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "వరదలో సీటు దాకా నీళ్లు వచ్చాయమ్మా, ఇన్సూరెన్సులో చేయించాం, ఏజెంటు చెప్పొద్దన్నాడు" అన్నారు. ఏజెంటు మాత్రం వెంటనే లక్షన్నర తగ్గిస్తానన్నాడు.

పాత_ఇనుము

లక్షన్నర అంటే మంచి తగ్గింపేనండి. ఏడాదికి పైగా నడిచిందంటే ఇంజను బాగున్నట్టే కదా.

ఇంటి_మెకానిక్

ఇంజను గురించి నాకూ దిగులు లేదు. ఎయిర్‌బ్యాగులను నడిపే కంట్రోల్ యూనిట్ మామూలుగా గేరు దగ్గర, నేలకు ఆనించి ఉంటుంది. సీటు దాకా నీళ్లు వచ్చాయంటే అది మునిగినట్టే. సీట్ల కింద ఎయిర్‌బ్యాగు వైర్లను కలిపే పసుపుపచ్చ రంగు కనెక్టర్లు ఈ రోజు బాగుండి రెండేళ్ల తరువాత తుప్పుపడతాయి. ఏసీ పాడైతే తెలుస్తుంది, ఎయిర్‌బ్యాగు పనిచేయదని తెలిసేది ఒక్కసారే. యూనిట్ మార్చిన బిల్లు చూపిస్తే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

విశ్రాంత_సర్వేయర్

మెకానిక్ గారి మాటే నా మాట. మరమ్మతు ఖర్చు బండి ఐడీవీలో (పాలసీలో రాసిన బండి విలువ) 75 శాతం దాటితే పూర్తి నష్టంగా తేల్చేవాళ్లం. దాటలేదు కాబట్టి బాగుచేశారు. బిల్లులో ఏమేం మార్చారో వరుసగా ఉంటుంది. ముందు బెల్టులు మార్చి వెనకవి మార్చలేదంటే, ఖర్చును ఎక్కడ ఆపారో అర్థమవుతోంది.

గుంటూరు_గోరింట

బిల్లు అడిగాను. కంట్రోల్ యూనిట్ అన్న మాట అందులో ఎక్కడా లేదు. వద్దని చెప్పేశాం. ఏజెంటు కోపంగా ఫోను పెట్టేశాడు.

తెనాలిలో 2019 బ్రెజా ఒకటి ఉందని మా ఆడపడుచు చెప్పింది. ఒకే యజమాని, రిటైరైన టీచరు గారు. తయారీ 2019 జూన్, నో క్లెయిమ్ బోనస్ 50 శాతం.

నక్షత్ర_లెక్క

విటారా బ్రెజాకు 2018లో పెద్దల రక్షణకు 4, పిల్లల రక్షణకు 2 వచ్చాయి. పరీక్షించినది రెండు ఎయిర్‌బ్యాగులున్న బండి. పిల్లల అంకె తక్కువ కాబట్టి చిన్నదానికి సరైన సీటు తీసుకుని ఐసోఫిక్స్ (పిల్లల సీటు బిగించడానికి బండిలోనే ఉండే) కొక్కేలకు బిగించండి. బడ్జెట్ కాస్త పెంచగలిగితే 2020 ఎక్స్‌యూవీ 300 కూడా చూడండి, దానికి పెద్దల రక్షణకు 5, పిల్లల రక్షణకు 4 వచ్చాయి.

గుంటూరు_గోరింట

అది మా చేతికి అందదండి, విచారించాను. బ్రెజాను రేపు పదింటికి సర్వీసు సెంటరుకు తెప్పిస్తామని టీచరు గారే అన్నారు. ఛాసిస్ నంబరు మీద రీకాల్ ఏమైనా మిగిలిందేమో అక్కడే కంప్యూటరులో చూపిస్తారట. 2019లో కొన్నప్పటి నుంచి ఉన్న సర్వీసు పుస్తకం కూడా తెస్తారట.

ఇంటి_మెకానిక్

టార్చి మరచిపోకండి. ఈసారి వెనక మధ్య బెల్టు కూడా లాగండి.